ఆంగ్లో-శాక్సన్ పిన్నులను దేనికి వాడారు? జవాబు కాడలో ఉంది

సంక్షిప్తంగా

ఇంగ్లండులో 5వ శతాబ్ది నుంచి 11వ శతాబ్ది దాకా సాగిన ఆంగ్లో-శాక్సన్ కాలానికి చెందిన లోహపు, ఎముక పిన్నులు విస్తారంగా దొరుకుతున్నాయి. మొదటి రెండు శతాబ్దాల్లో ఇవి బ్రోచ్‌లకు, అంటే వెనక సూది, కొక్కెం ఉండే బిగింపు నగలకు, తోడుగా వాడిన అదనపు సాధనాలు. 7వ శతాబ్దిలో దుస్తుల కోత మారాక, ముఖ్యంగా స్త్రీల తలముసుగు వ్యాపించాక, పిన్నుకు గిరాకీ పెరిగింది. ఒక్కో పిన్నును దేనికి వాడారో తేల్చడానికి దాని తలమీది నగిషీ కన్నా కాడ (తల కింద మొన దాకా ఉండే పుల్ల) మందం, వంపు, అది దొరికిన చోటు ఎక్కువగా పనికొస్తాయి.

బేయూ కుట్టుచిత్రాన్ని 2026 సెప్టెంబరు నుంచి 2027 జులై వరకు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ప్రదర్శించేందుకు ఫ్రాన్స్, బ్రిటన్ 2025 జులైలో ఒప్పందం చేసుకున్నాయి. సుమారు 70 మీటర్ల పొడవున్న ఆ లినెన్ పట్టీ మీద 1066 నాటి ఇంగ్లండు ఆక్రమణను ఉన్ని దారంతో కుట్టారు. అందులో మగవాళ్ళు వందల మంది. హోదా ఉన్నవారి పైవస్త్రాన్ని భుజం దగ్గర పట్టి ఉంచిన బ్రోచ్ కూడా చాలాచోట్ల స్పష్టంగా కనిపిస్తుంది. ప్రధాన చిత్రపట్టీలో ఆడవాళ్ళు ముగ్గురే. వారి తలల మీద వస్త్రం ఉంది కానీ, అది జారిపోకుండా దేన్ని వాడారో మాత్రం కుట్టినవాళ్ళు చూపలేదు.

బొమ్మల్లో కనిపించని ఆ సాధనం మట్టిలో మాత్రం కుప్పలుగా దొరికింది. ఇంగ్లండు మ్యూజియంలలో చాలావాటి అద్దాల బీరువాల్లో ఐదారు సెంటీమీటర్ల పొడవున్న రాగి మిశ్రలోహపు పిన్నులు వరుసగా గుచ్చి ఉంటాయి. పక్కన చీటీ మీద ‘దుస్తుల పిన్ను’ అని మాత్రమే ఉంటుంది. జుట్టుకా, ముసుగుకా, భుజం మీది పైవస్త్రానికా అన్న ప్రశ్న చూసేవారికే మిగిలిపోతుంది. ఆ చీటీ అంత పొదుపుగా ఉండటానికి కారణం నిర్లక్ష్యం కాదు. మూడు పనులకూ పనికొచ్చే వస్తువును ఒకే పనికి కట్టిపడేయడం కష్టం.

గుండుసూది, పిన్నీసు

బ్రోచ్‌కూ పిన్నుకూ ఉన్న తేడా పిన్నీసుకూ గుండుసూదికీ ఉన్న తేడాయే. పిన్నీసులో స్ప్రింగు, కొక్కెం రెండూ ఉంటాయి. మొన బట్టలో దూరి బయటికొచ్చి మళ్ళీ తన కొక్కెంలోనే చిక్కుకుంటుంది. బ్రోచ్ కూడా అంతే. ముందువైపు ఎంత బంగారం, ఎన్ని ఎర్ర రాళ్ళు పొదిగినా, వెనకవైపు సూది, కొక్కెం ఉంటాయి. బట్ట ఎలాంటిదైనా దాని పట్టు దానికుంటుంది. పిన్నుకు అలాంటి ఏర్పాటు లేదు. దాన్ని పట్టి ఉంచాల్సింది బట్టే.

అందువల్ల పిన్ను పనితనం నేత మీద ఆధారపడింది. ఆ కాలపు ఇంగ్లండులో ఇళ్ళల్లో ఎక్కువగా వాడినది నిలువు మగ్గం. పడుగు దారాల కింది చివరలకు నడుమ కన్నం ఉన్న వలయాల్లాంటి మట్టి బరువులు కట్టి, వాటిని బిగువుగా ఉంచి, పేక నేసేవారు. అలాంటి మట్టి బరువులు ఆ కాలపు ఊళ్ళ తవ్వకాల్లో దాదాపు ప్రతిచోటా బయటపడతాయి. ఈ మగ్గాల మీద ఏటవాలు గీతలు పడే ట్విల్ నేతలో ఉన్ని బట్టలు, సాదా నేతలో లినెన్ బట్టలు తయారయ్యేవి. ఉన్ని దారం గరుకుగా, సాగే గుణంతో ఉంటుంది. అందులో పిన్ను గుచ్చితే దారాలు తెగవు, పక్కకు జరిగి కాడను చుట్టూ నొక్కిపెడతాయి. ఒకసారి దూర్చి, కొంచెం బట్ట పైకి తీసి, మళ్ళీ దూర్చితే ఆ మడతల బిగువే పిన్నును నిలుపుతుంది. లినెన్ అలా కాదు. నునుపైన దారం కాబట్టి రాపిడి తక్కువ. లావు కాడ గుచ్చితే కన్నం పడి అలాగే ఉండిపోతుంది, సన్నని కాడ గుచ్చితే జారిపోతుంది.

ఈ జారుడుకు అప్పటి పనివాళ్ళు కనిపెట్టిన విరుగుడు ఒకటి చాలా పిన్నుల మీద నేటికీ కనిపిస్తుంది. కాడ తిన్నగా సన్నబడుతూ పోకుండా, మధ్యభాగం దాటాక కొంచెం ఉబ్బి, ఆ తర్వాత మొనదేలుతుంది. గుచ్చేటప్పుడు ఆ ఉబ్బు దారాల మధ్య నుంచి దూరిపోతుంది. దూరాక దారాలు వెనక్కి దగ్గరై, ఉబ్బుకు పైనున్న సన్నని భాగాన్ని పట్టుకుంటాయి. వెనక్కి జారాలంటే మళ్ళీ ఆ ఉబ్బును దాటాలి. మరో ఉపాయం దారం. తలలో కన్నం ఉన్న పిన్నులకు దారం కట్టి, బట్టలోంచి బయటికొచ్చిన మొన చుట్టూ తిప్పి బిగించే వీలుంది. కన్నం ఉన్న పిన్నులన్నిటినీ ఇలాగే వాడారని చెప్పలేం. కొన్నిటి కన్నాలు పిన్నునూ పిన్నునూ కలిపే గొలుసు కోసం పెట్టినవి.

సమాధుల్లో మూడో బిగింపు

5, 6 శతాబ్దాల్లో ఆంగ్లో-శాక్సన్ స్త్రీల దుస్తుల గురించి తెలిసినది దాదాపు అంతా సమాధుల నుంచే. అప్పటికి క్రైస్తవం ఇంకా వ్యాపించలేదు. చనిపోయినవారిని దుస్తులతో, నగలతో పూడ్చేవారు. బట్ట మట్టిలో కలిసిపోయినా, లోహం ఉన్న చోట్ల నుంచి ఆ దుస్తులు ఎలా నిలిచాయో ఊహించవచ్చు. భుజాల దగ్గర జంట బ్రోచ్‌లు, వాటి మధ్య పూసల దండ, నడుము దగ్గర బెల్టు బకిల్, దానికి వేలాడే కత్తి, తాళం చెవులు: ఈ అమరిక ఎన్నో శ్మశానాల్లో కనిపిస్తుంది. గొట్టంలా కుట్టిన బట్టలోకి దూరి, ముందు అంచునూ వెనక అంచునూ భుజాల మీద బ్రోచ్‌లతో కలిపే దుస్తులివి. ఉత్తర జర్మనీ, డెన్మార్క్ ప్రాంతాల నుంచి వలస వచ్చినవారి వేషం.

ఆ జంట బ్రోచ్‌లు కాక మూడో బిగింపు ఒకటి తరచు కనిపిస్తుంది. కొన్ని సమాధుల్లో అది ఇంకో బ్రోచ్, కొన్నిటిలో పిన్ను. ఛాతీ మధ్యలోనో, ఒక భుజం దగ్గరో, మెడ పక్కనో, అరుదుగా పుర్రె పక్కనో ఉంటుంది. దుస్తుల మీద కప్పుకున్న పైవస్త్రానికో, తల మీది బట్టకో దాన్ని గుచ్చి ఉంటారన్నది ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. తుప్పుతో కలిసి రాయిలా మారిన దారపు జాడలు బ్రోచ్‌ల వెనక, పిన్నుల కాడల మీద మిగిలి ఉండటం ఈ అంచనాకు పెద్ద ఆధారం. బట్ట ముతకదో సన్నదో, ఎన్ని పొరలు ఉన్నాయో వాటిని సూక్ష్మదర్శినిలో చూసి చెప్పగలుగుతున్నారు.

సమాధి సాక్ష్యానికి ఒక పరిమితి ఉంది. మృతదేహాన్ని సిద్ధం చేసింది బతికున్నవారు. పిన్ను ఉన్నచోటు రోజూ గుచ్చుకున్న చోటే కావాలని లేదు. మీద కప్పిన గుడ్డను ముడవడానికి అప్పటికప్పుడు గుచ్చినదై ఉండవచ్చు. కాబట్టి ఒకే శ్మశానంలో అదే చోట పదేపదే కనిపించే పిన్నులకు విలువ ఎక్కువ, ఒంటరిగా వింత చోట కనిపించే పిన్నుకు తక్కువ.

ఈ కాలంలో బ్రోచ్‌కు ఉన్న గొంతు పిన్నుకు లేదు. శాక్సన్ ప్రాంతాల స్త్రీలు పళ్ళెం ఆకారపు గుండ్రటి బ్రోచ్‌లు, తూర్పున ఆంగ్లియన్ ప్రాంతాల స్త్రీలు శిలువను పోలిన పొడవాటి బ్రోచ్‌లు, చేతి మణికట్టుకు కొక్కేల జతలు ధరించేవారు. కెంట్‌లో గార్నెట్ అనే ఎర్ర రాళ్ళు పొదిగిన చిన్న బ్రోచ్‌లు ప్రసిద్ధి. వేషం చూసి ఏ వైపు మనిషో పోల్చుకోవడానికి అవి సరిపోయేవి. పిన్ను పక్కన నిలిచిన పనిముట్టు.

ఏడో శతాబ్దిలో కోత మారింది

597లో రోమ్ నుంచి క్రైస్తవ ప్రచారకుడు అగస్టీన్ బృందం కెంట్‌కు చేరింది. తర్వాతి రెండు మూడు తరాల్లో రాజకుటుంబాలు ఒక్కొక్కటిగా క్రైస్తవంలోకి మారాయి. దాదాపు అదే కాలంలో స్త్రీల దుస్తులు కూడా మారాయి. భుజాల మీద జంట బ్రోచ్‌లు, మణికట్టు కొక్కేలు మాయమయ్యాయి. వాటి బదులు మెడకు దగ్గరగా పడే సన్నని హారాలు, చిన్న లాకెట్లు, ఒంటి బ్రోచ్, గొలుసుతో కలిపిన జంట పిన్నులు కనిపిస్తాయి. ఫ్రాంకుల రాజ్యం ద్వారా వచ్చిన మధ్యధరా, బైజాంటియం వేషాల ప్రభావం ఇందులో ఉందన్నది సాధారణంగా ఒప్పుకునే విషయం.

మార్పు వెనక ఉన్న యంత్రాంగం సులభమైనదే. భుజాల దగ్గర కుట్టి, చేతులు పెట్టిన గౌను వచ్చాక రెండు బ్రోచ్‌లకు పని లేకుండా పోయింది. బట్టను బిగించాల్సిన చోట్లు ఇంకా రెండే మిగిలాయి: మీద వేసుకునే పైవస్త్రం, తల మీద వేసుకునే ముసుగు. ముసుగు తేలిక బట్ట. దానికి బరువైన బ్రోచ్ గుచ్చితే కిందికి లాగేస్తుంది. చిన్న పిన్ను సరిపోతుంది. జంట బ్రోచ్‌ల దశ ముగియడం, పిన్నుల దశ మొదలవడం ఒకే కత్తిరింపుకు రెండు ఫలితాలు.

ఈ సంధికాలపు నగల్లో విల్ట్‌షైర్‌లోని రౌండ్‌వే డౌన్ సమాధి దిబ్బలో 1840లో దొరికిన సెట్టు ప్రసిద్ధం. రెండు చిన్న బంగారు పిన్నులు, వాటిని కలిపే గొలుసు, మధ్యలో గాజు బిళ్ళ. అవి అంత చిన్నవి కాబట్టి ముతక ఉన్ని పైవస్త్రాన్ని మోయగలిగేవి కావు. మెడ దగ్గర సన్నని బట్టకు గుచ్చి ఉంటారు. గొలుసు అలంకారమే అయినా దానికి ఇంకో పని ఉంది. ఒక పిన్ను జారితే రెండోది దాన్ని పోకుండా ఆపుతుంది.

ఆ శతాబ్ది చివరికి సాక్ష్యమే ఆగిపోతుంది. జాన్ హైన్స్, అలెక్స్ బేలిస్ తదితరులు 2013లో వెలువరించిన రేడియోకార్బన్ కాలనిర్ణయం ప్రకారం వస్తువులతో పూడ్చే ఆచారం 670, 680 దశకాల నాటికే దాదాపు ముగిసింది. ఆ తర్వాతి సమాధుల్లో నగలు లేవు. అందువల్ల 700 తర్వాత పిన్నులు శరీరం మీద ఎక్కడ ఉండేవో సమాధులు చెప్పడం మానేశాయి.

మఠాల్లో ముసుగు

పెళ్ళయిన స్త్రీ, సన్యాసిని తల కప్పుకోవాలన్నది చర్చి కోరిక. కానీ ఎలా కప్పుకున్నారన్నది తెలుసుకోవడానికి ఆ కోరికను మీరినవారిపై వచ్చిన తిట్లే మంచి ఆధారం. బార్కింగ్ మఠాధిపతురాలు హిల్డెలిత్‌కు, ఆమె తోటి సన్యాసినులకు మఠాధిపతి, రచయిత ఆల్డ్‌హెల్మ్ 7వ శతాబ్ది చివర, లేదా 8వ శతాబ్ది మొదట్లో కన్యాత్వం మీద రాసిన గ్రంథంలో మఠవాసుల ఆడంబర వేషాలను ఏకరువు పెట్టాడు. ఎరుపు, నీలం గౌన్లు, పట్టుతో కుట్టిన చేతులు, ఇనుప కడ్డీతో వంకీలు తిప్పిన జుట్టు, ముదురు బూడిదరంగు ముసుగుల బదులు రిబ్బన్లు కుట్టి చీలమండల దాకా వేలాడే రంగురంగుల తలవస్త్రాలు. విమర్శ కాబట్టి కొంత అతిశయం ఉంటుంది. అయినా చీలమండల దాకా వేలాడే తలవస్త్రం ఏ ఆధారమూ లేకుండా తల మీద నిలవదు. తలకు కట్టిన పట్టీయో, పిన్నులో, రెండూనో కావాలి.

731లో తన చరిత్ర గ్రంథాన్ని పూర్తిచేసిన సన్యాసి బీడ్ కూడా కోల్డింగ్‌హామ్ మఠంలో సన్యాసినులు సన్నని బట్టలు నేస్తూ వధువుల్లా అలంకరించుకునేవారని ఆరోపణగా రాశాడు. నేతా, అలంకారమూ మఠాల్లో ఉన్నాయనడానికి తవ్వకాలు కూడా సాక్ష్యమిస్తాయి. విట్‌బీ మఠం ఉన్నచోట 1920ల్లో జరిపిన తవ్వకాల్లో పిన్నులు పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. బార్కింగ్ మఠస్థలంలో కూడా పిన్నులు దొరికాయి. దీన్నిబట్టి పిన్ను అంటే సన్యాసిని ముసుగు అనే సమీకరణం కొన్నాళ్ళు బాగా ప్రచారంలో ఉండేది. అది నిలబడలేదు. కారణం తర్వాతి భాగంలో ఉన్న ఊళ్ళు.

పారేసుకున్నవే మిగిలాయి

నేటి సౌతాంప్టన్ ఉన్నచోట, ఇచెన్ నది ఒడ్డున, 8వ శతాబ్దిలో హామ్‌విచ్ అనే రేవు పట్టణం ఉండేది. కంకర పరిచిన వీధులు, చేతిపనివారి ఇళ్ళు, సముద్రం దాటి వచ్చే వర్తకులు. అక్కడి ఇళ్ళ వెనక చెత్త గోతుల్లో, వీధుల్లో రాగి మిశ్రలోహపు పిన్నులు పెద్ద సంఖ్యలో బయటపడ్డాయి. అది మఠం కాదు. యార్క్‌లో, ఇప్స్‌విచ్‌లో, లండన్‌లోని పాత రేవు ప్రాంతంలో కూడా ఇదే పరిస్థితి. సఫోక్‌లోని బ్రాండన్‌లో, లింకన్‌షైర్‌లోని ఫ్లిక్స్‌బరోలో ఇంకా ఎక్కువ. ఫ్లిక్స్‌బరోను 1989 నుంచి 1991 వరకు తవ్వారు. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక ఆ ఊరిని కప్పేయడంతో పొరలు చెదరకుండా నిలిచాయి. పిన్నులు వందల్లో దొరికాయి. రాతకు వాడే లోహపు కలాలు కూడా దొరకడంతో ఆ ఊరు మఠమా, ప్రభువు నివాసమా, కాలాన్నిబట్టి రెండూనా అన్న వాదం మొదలైంది. పిన్నుల వల్ల ఆ వాదం ఏమీ తేలలేదు. ప్రభువు ఇంట్లోనూ, మఠంలోనూ, రేవు వీధిలోనూ అవే పిన్నులు.

ఇన్ని ఎందుకు దొరికాయన్న ప్రశ్నకు ఒక సాదా జవాబు ఉంది: కొక్కెం లేని వస్తువు జారిపోతుంది. బ్రోచ్ జారిపోవాలంటే అందులో ఏదో విరగాలి. పిన్ను జారిపోవడానికి ఒంగి బిందె ఎత్తుకుంటే చాలు. సమాధిలో వస్తువు ఒకరు ఆలోచించి పెట్టినది; చెత్త గోతిలో వస్తువు ఎవరో పారేసుకున్నది, లేదా వంగిపోయిందని పారేసినది. మొదటిది హోదాను చూపిస్తుంది, రెండోది వాడకాన్ని చూపిస్తుంది. 5, 6 శతాబ్దాల బ్రోచ్‌ల సంఖ్యను 8, 9 శతాబ్దాల పిన్నుల సంఖ్యతో పోల్చి ఒకటి తగ్గింది, మరొకటి పెరిగింది అని నేరుగా చెప్పేసే గ్రాఫులు అప్పుడప్పుడు కనిపిస్తాయి. రెండు వేర్వేరు దారుల్లో మట్టిలోకి చేరిన వస్తువులను ఒకే త్రాసులో తూచడమే అందులోని లోపం. దుస్తుల కోత మారిందనడానికి వేరే సాక్ష్యం ఉంది కాబట్టి ఫలితం తప్పు కాకపోవచ్చు. కానీ ఎంత మారిందన్న లెక్కకు ఆ గ్రాఫులు పనికిరావు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. పిన్నులు ఊళ్ళల్లో దొరికాయంటే అవి ఊళ్ళల్లో ఎక్కువ వాడారని అర్థం కాదు. తవ్వినవి ఊళ్ళు కాబట్టి అక్కడ దొరికాయి. పొలాల్లో ఎన్ని పోయాయో తర్వాత మెటల్ డిటెక్టర్లు వచ్చాక గాని తెలియలేదు.

తల వర్గానికి, కాడ వాడకానికి

పిన్నులను వర్గీకరించే పని చాలా శ్రద్ధగా జరిగింది. సీమస్ రాస్ 1991లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన గ్రంథం ఈ రంగంలో నేటికీ మూలస్తంభం. హామ్‌విచ్ లోహ వస్తువులపై డేవిడ్ హింటన్ 1996లో ప్రచురించిన అధ్యయనం మరొకటి. వర్గాలకు పేర్లు ఎక్కువగా తల ఆకారం నుంచి వచ్చాయి: గోళాకారపు తల, పలుముఖాల తల, రెండు శంకువులు అతికించినట్టున్న తల, చదునైన బిళ్ళ తల, రెండువైపులా సుడులు తిరిగిన తీగ తల. పలుముఖాల తలల మీద చుక్క చుట్టూ గుండ్రటి గీత చెక్కడం మామూలు. తల కింద కాడకు చిన్న పట్టీ కూడా చాలావాటికి ఉంటుంది.

తలను బట్టి కాలం చెప్పవచ్చు, పోత పోసిన తీరు చెప్పవచ్చు. అవసరమైన పనే. కానీ రోజువారీ వాడకం తెలుసుకోవాలంటే చూపు కిందికి దించాలి. కాడ మందం ఎంత? మిల్లీమీటరున్నర ఉన్నది సన్నని బట్టకు పనికొస్తుంది; మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎముక పిన్ను లినెన్‌లో గుచ్చితే బట్ట పాడవుతుంది, ముతక ఉన్నిలోనే అది పనిచేస్తుంది. పొడవు ఎంత? ముసుగు మడతను పట్టడానికి ఐదు సెంటీమీటర్లు చాలు. రెండు పొరల పైవస్త్రానికి చాలదు. ఎక్కడ వంగింది? తల దగ్గర వంగిన కాడ బట్ట బరువు లాగినదానికి గుర్తు. మొన దగ్గర వంగినది గుచ్చేటప్పుడు గట్టి వస్తువుకు తగిలినదానికి. ఈ కొలతలు పాత నివేదికల్లో చాలావాటిలో పూర్తిగా లేవు. తల బొమ్మ శ్రద్ధగా గీసి, విరిగిన కాడను ఒక్క మాటతో దాటేసినవే ఎక్కువ.

తయారీ వైపు చూస్తే లోహపు పిన్నుకు పోత మూస, సుత్తి, ఆకురాయి కావాలి. ఎముక పిన్నుకు ఒక కత్తి చాలు. పంది కాలిలోని సన్న ఎముక ఒకవైపు సహజంగానే వెడల్పుగా, మరోవైపు సన్నగా ఉంటుంది. భోజనం అయ్యాక మిగిలిన ఆ ఎముక మొన చెక్కి, వెడల్పు చివర కన్నం పెడితే పిన్ను తయారు. ఇవి దాదాపు ప్రతి ఊళ్ళోనూ దొరుకుతాయి. వీటిలో కొన్ని పిన్నులు కావు, ముతక దారం అల్లే సూదులు అన్న వాదన కూడా ఉంది. కన్నం అంచున దారం రాపిడి గుర్తులు ఉన్నాయా, కాడ పొడవునా మెరుగు ఉందా అన్నది ఒక్కోదాన్ని చూసి చెప్పాల్సిందే. రెండు పనులకూ వాడిన ఇల్లాళ్ళు ఉండి ఉంటారనడం అంత సాహసమేమీ కాదు.

లోహపు పిన్నుల్లో ఇంకొక విశేషం వాటి ఏకరూపత. 6వ శతాబ్ది బ్రోచ్ చూసి ప్రాంతం చెప్పవచ్చు. 8వ శతాబ్ది గోళాకారపు తల పిన్ను విట్‌బీలో దొరికినా హామ్‌విచ్‌లో దొరికినా ఒక్కలాగే ఉంటుంది. సముద్రం అవతల నెదర్లాండ్స్ తీరంలోని డోంబర్గ్‌లోనూ ఈ తరహావి దొరికాయి. రేవు పట్టణాల మధ్య రాకపోకలు, ఒకే చర్చి కింద అన్ని రాజ్యాల మఠాలు, వేషంలో ప్రాంతాన్ని చాటుకోవాల్సిన అవసరం తగ్గడం: ఈ మూడూ కలిసి పనిచేసి ఉంటాయి.

వెండి, బంగారం వైపు

ఖరీదైన పిన్నులు తక్కువే అయినా మ్యూజియంలలో ఎక్కువ చోటు వాటిదే. లింకన్‌షైర్‌లోని ఫిస్కర్టన్ దగ్గర విథమ్ నదిలో 1826లో దొరికిన మూడు పిన్నుల సెట్టు వాటిలో అగ్రగణ్యం. 8వ శతాబ్దిది. వెండి మీద బంగారు పూత, వెడల్పాటి బిళ్ళ తలల మీద పెనవేసుకున్న జంతువులు, మూడింటినీ కలిపే చిన్న పలకలు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. కార్న్‌వాల్‌లోని ట్రెవిడిల్‌లో 1774లో తగరపు గనివారికి దొరికిన 9వ శతాబ్ది నిధిలో పలుముఖాల తలతో పెద్ద వెండి పిన్ను ఉంది. స్కాట్లండులో 2014లో బయటపడిన గాలోవే నిధిలో పక్షి ఆకారపు బంగారు పిన్ను ఉంది. అది సుమారు 900 నాటికి పూడ్చిన నిధి. ట్రెవిడిల్ పిన్ను తల ఆకారం, రేవు వీధిలో దొరికే పలుముఖాల పిన్ను తల ఆకారం ఒకే కుటుంబానివి. ఆకారం పైనుంచి కిందికి దిగిందా, కిందినుంచి పైకి ఎక్కిందా అన్నది వేరే చర్చ.

విలువ ఎంతో చెప్పే పత్రం కూడా ఒకటి మిగిలింది. 10వ శతాబ్ది మధ్యకాలపు విన్‌ఫ్లాడ్ అనే సంపన్న స్త్రీ వీలునామాలో ఆరు మాంకస్సుల విలువైన పాత తీగపని నగ ప్రస్తావన ఉంది. అక్కడ వాడిన పాత ఇంగ్లీషు మాట పిన్నుకూ బ్రోచ్‌కూ రెండిటికీ చెల్లుతుంది. మాంకస్ అంటే 30 వెండి పెన్నీలు. అదే శతాబ్దిలో ఆథెల్‌స్టాన్ రాజు కాలపు లండన్ చట్టం ఎద్దుకు ఒక మాంకస్, ఆవుకు 20 పెన్నీలు, పందికి 10 పెన్నీలు పరిహారంగా కట్టింది. అంటే ఆ నగ ఆరు ఎద్దుల విలువ. పంది ఎముక పిన్ను విలువ భోజనంలో మిగిలిన ఎముక విలువ. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఆనాటి సమాజంలో పిన్ను పరిధి.

మగవాళ్ళు, పొరుగువాళ్ళు

ఇంగ్లండు సమాధుల్లో పిన్నులు ఎక్కువగా స్త్రీలవే. మగవారి పైవస్త్రాన్ని దేంతో బిగించారో తొలి శతాబ్దాల్లో స్పష్టంగా తెలియదు. లోహం కాని ముడులు, కర్ర పుల్లలు వాడి ఉండవచ్చు. ఐర్లండు పరిస్థితి వేరు. అక్కడ తలలో కదిలే ఉంగరం ఉన్న పొడవాటి పిన్ను వాడుకలో ఉండేది. డబ్లిన్‌లో స్థిరపడిన వైకింగులు కూడా దాన్ని అలవాటు చేసుకున్నారు. ఉంగరానికి దారం కట్టి మొనకు చుట్టే వీలు దానికుంది. అందువల్ల ఓడ మీద గాలికి ఎగిరే బరువైన పైవస్త్రానికి అది సరిపోయింది. అలాంటి ఉంగరపు పిన్ను ఒకటి 1968లో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో, లాన్స్ ఓ మెడోస్ వైకింగ్ స్థావరంలో దొరికింది. ఇంగ్లండు ముసుగు పిన్నుతో దాన్ని పక్కపక్కన పెడితే ఒకే జాతి వస్తువు రెండు పనులకు ఎలా వేరైందో తెలుస్తుంది.

పదో శతాబ్దిలో తగ్గుదల

9వ శతాబ్ది దాటాక పిన్నుల సంఖ్య తగ్గుతుంది. హామ్‌విచ్ లాంటి రేవులు వెనకబడటం, కొన్ని మఠాలు వైకింగు దాడుల్లో పాడవడం వల్ల తవ్వేందుకు తగిన స్థలాలే మారాయి. అది ఒక కారణం. దుస్తుల వైపు మరో కారణం ఉంది. 1031లో వించెస్టర్‌లో చిత్రించిన న్యూ మిన్‌స్టర్ మఠపు గ్రంథంలో ఎమ్మా రాణి తల మీద ముసుగు ఉంది. బిగింపు పిన్నులు కనిపించవు. ఆ కాలపు ఇతర చిత్రాల్లోనూ స్త్రీల తలవస్త్రం మెడ చుట్టూ చుట్టినట్టు, పట్టీ కింద దోపినట్టు ఉంటుంది. చుట్టిన బట్టకు తన మడతలే పట్టు. పిన్ను పూర్తిగా మానేయలేదు, దాని మీద ఆధారపడటం తగ్గింది. తర్వాత మధ్యయుగం చివర్లో తీగతో చేసిన అతి సన్నని పిన్నులు కుప్పలుగా వచ్చేదాకా ఈ తగ్గుదల కొనసాగింది.

పొలాల నుంచి కొత్త లెక్క

గత మూడు దశాబ్దాల్లో పిన్నుల చిత్రపటాన్ని మార్చినది తవ్వకాల కన్నా అభిరుచితో పొలాల్లో తిరిగే మెటల్ డిటెక్టర్ వాడకందార్లు. వారికి దొరికిన వస్తువులను నమోదు చేసేందుకు పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ 1997లో మొదలైంది. 2014 నాటికి నమోదులు పది లక్షలకు చేరాయి. ఏ ఊరూ తెలియని చోట్ల పిన్నులు, 8వ శతాబ్ది చిన్న వెండి నాణేలు కలిసి గుంపుగా దొరికిన స్థలాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని సంతలు జరిగిన చోట్లయి ఉంటాయన్నది ప్రబలమైన అభిప్రాయం.

చట్టం మాత్రం అన్ని పిన్నులనూ ఒకేలా చూడదు. 1996 నిధుల చట్టం ప్రకారం 300 ఏళ్ళు దాటిన వస్తువులో కనీసం పది శాతం బంగారమో వెండో ఉంటే దాన్ని తప్పనిసరిగా అధికారులకు తెలపాలి. ఒంటరిగా దొరికిన రాగి మిశ్రలోహపు పిన్నుకు ఆ నిబంధన వర్తించదు. 2023లో ప్రత్యేక ప్రాముఖ్యం ఉన్న వస్తువులను కూడా చట్టంలో చేర్చినా, మామూలు గోళాకారపు తల పిన్ను ఆ గీటురాయికి అందదు. దాన్ని నమోదు చేయడం దొరికినవారి ఇష్టం. ఫలితంగా వెండి పిన్నుల జాబితా దాదాపు సంపూర్ణంగా, రోజువారీ పిన్నుల జాబితా అసంపూర్తిగా పెరుగుతోంది.

నాగలి దెబ్బకు పొలంలో పిన్నులు సాధారణంగా విరిగిపోతాయి. తల, దానికి అంటిన పొట్టి కాడ ముక్క మాత్రమే చేతికొస్తాయి. వాడకం చెప్పే భాగం నేలలోనే పోతోందన్నమాట. డిటెక్టర్ వాడేవారు చాలామంది ఇనుప మేకుల బెడద తప్పించుకోవడానికి ఇనుము సంకేతాన్ని ఆపేస్తారు కాబట్టి ఇనుప పిన్నులూ జాబితాకు ఎక్కవు. ఎముక పిన్నులను ఆ యంత్రం ఎలాగూ పసిగట్టలేదు. అవి ఇప్పటికీ జల్లెడ పట్టి చేసే తవ్వకాల నుంచే రావాలి.